ఏది ముందు? దేవుని చిత్తం వెతికిన దారులు

డిసెంబరు 31 అర్ధరాత్రి ఆరాధన ముగిశాక వాగ్దానపు కార్డు లేకుండా ఇల్లు చేరే తెలుగు క్రైస్తవ కుటుంబం అరుదు. ఆ కార్డు ఏడాదంతా ఫ్రిజ్ మీదో బైబిల్లోనో ఉంటుంది. ఉపవాస కూటాల్లో కాపరి చేతికి అందే ప్రార్థన చీటీల్లో విషయాలు దాదాపు ఎప్పుడూ అవే: అమ్మాయి సంబంధం, అబ్బాయి వీసా, మెడికల్ సీటు, స్థలం రిజిస్ట్రేషను, బదిలీ. ప్రభువు చిత్తమేమిటో తెలిసేలా ప్రార్థించమని వేడుకోలు. ఇవేవీ చిన్న విషయాలు కావు. అయినా ఒక మనిషి బతుకులో ఇలాంటి మలుపులు పదేళ్ళకు రెండో మూడో వస్తాయి. మిగతా రోజుల్లో ఏది ముందు, ఏది తర్వాత అన్నది జీతం పడిన సాయంత్రం, ఆఫీసు నుంచి ఇంటికొచ్చిన గంటలో, ఆదివారం మధ్యాహ్నం చడీచప్పుడు లేకుండా తేలిపోతూ ఉంటుంది. ఆ గంటల గురించి, ఆ రూపాయల గురించి చీటీ రాసేవాళ్ళు కనబడరు.

దేవుని చిత్తాన్ని ఎలా తెలుసుకోవాలన్న ప్రశ్న మీద క్రైస్తవులు రెండు వేల ఏళ్ళుగా చెప్పినదాన్ని తిరగేస్తే ఒక సంగతి బయటపడుతుంది. మలుపు దగ్గర నిలబడి సూచన అడిగే పద్ధతులకు పేరు ఎక్కువ. మామూలు రోజుల్ని సరిదిద్దే పద్ధతులకు పేరు తక్కువ, సరుకు ఎక్కువ. సాక్ష్యం చెప్పుకోవడానికి మొదటివి బాగుంటాయి కాబట్టి అవే మనదాకా వచ్చాయి.

బైబిల్లో ఫలానాది దేవుని చిత్తం అని సూటిగా చెప్పిన చోట్లు వెతికేవారికి మొదట కొంత నిరాశే. థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రికలో పౌలు ఆ మాటతో చెప్పినవి పరిశుద్ధంగా బతకడం, అన్నిటిలో కృతజ్ఞతతో ఉండడం. మీకా ప్రవక్త న్యాయం, కనికరం, వినయం అన్నాడు. ఏ ఊళ్ళో ఉద్యోగం చేయాలో ఏ పత్రికలోనూ లేదు. దేవుని చిత్తాన్ని పరీక్షించి తెలుసుకోమనే రోమా 12వ అధ్యాయాన్ని మనం తరచూ రెండో వచనం దగ్గర ఆపేస్తాం. కొనసాగిస్తే వచ్చేవి అతిథిని ఆదరించడం, ఏడ్చేవారితో ఏడవడం, ఆకలిగొన్న శత్రువుకు అన్నం పెట్టడం. పౌలు దృష్టిలో ఆ చిత్తం ఎలా ఉంటుందో ఆ అధ్యాయమే చూపిస్తోంది.

దర్శనాలు లేవని కాదు. ఆసియలో వాక్యం చెప్పకుండా ఆత్మ ఆపడం, బితూనియ దారి మూసుకుపోవడం, త్రోయలో రాత్రివేళ మాసిదోనియ మనిషి పిలవడం అపొస్తలుల కార్యముల 16వ అధ్యాయంలో వరసగా ఉన్నాయి. మన ప్రసంగాల్లో ఇదే మాదిరి. కానీ అదే పౌలు రోముకు రావాలని ఎన్నోసార్లు అనుకుని ఆగిపోయానని రాశాడు, స్పెయిను దాకా వెళ్ళాలని పథకం వేశాడు, చలికాలం ఎక్కడ గడపాలో ఆలోచించుకున్నాడు. ఎఫెసులో ఇంకొన్నాళ్ళు ఉంటానని కొరింథీయులకు రాస్తూ చెప్పిన కారణం మరీ ఆసక్తికరం: పెద్ద తలుపు తెరుచుకుంది, ఎదిరించేవాళ్ళూ చాలామంది ఉన్నారు. ఈ రోజుల్లో ఎదిరింపు కనబడగానే ప్రభువు తలుపు మూశాడని అనేస్తాం. పౌలుకు ఆ రెండూ ఒకే వాక్యంలో ఇమిడాయి.

సూచన అడగడం మహా పాత అలవాటు. గిద్యోను ఉన్ని పరచి మంచు అడిగేటప్పటికే అతనికి ఆజ్ఞ అందింది. అతనికి కావలసింది సమాచారం కాదు, ధైర్యం. యూదా స్థానంలో మత్తీయను చీట్లు వేసి ఎన్నుకున్నారు గానీ పెంతెకొస్తు తర్వాత కొత్త నిబంధనలో సంఘం మళ్ళీ చీట్లు వేసిన సందర్భం లేదు. క్రీ.శ. 386లో మిలానులో ఒక తోటలో ఉన్న అగస్టీను, పక్కింటి నుంచి వినబడిన పిల్లల గొంతును దైవాజ్ఞగా తీసుకుని పౌలు పత్రికల ప్రతిని తెరిచాడు. రోమా 13వ అధ్యాయంలో కంటబడిన మాటతో అతని జీవితమే మళ్ళింది. ఆయనే బిషప్పయ్యాక, లోక వ్యవహారాల కోసం సువార్త పుటలు తెరిచి జోస్యం చూసుకునే అలవాటు తనకు నచ్చదని ఒక ఉత్తరంలో రాశాడు. 506లో నేటి ఫ్రాన్సులోని అగ్ద్ పట్టణంలో జరిగిన సభ ఆ పనిని నిషేధించింది. అగస్టీను మాట మార్చాడని ఎవరైనా అనుకోవచ్చు. నాకలా అనిపించదు. తోటలో ఆయన ఎదుట ఉన్నది, చేయాలని ఏళ్ళుగా తెలిసీ చేయలేకపోతున్న పని. ఆ వాక్యం కొత్త దారి చూపలేదు. ఉన్న దారిలో తోసింది.

చీట్లను పూర్తి పద్ధతిగా మార్చింది జర్మనీలోని హెర్న్‌హూట్ మొరావియన్లు. పెళ్ళిళ్ళకు, పనులు అప్పగించడానికి కూడా చీట్లు తీసేవారు. ఏడాదిలో ప్రతి రోజుకూ ఒక వాక్యాన్ని చీటీ తీసి 1731 నుంచి పుస్తకంగా అచ్చువేస్తున్నారు, ఇప్పటికీ. వాగ్దానపు కార్డుకు అది పెద్దన్న. వారి స్నేహంలో ఉన్న, తర్వాత మెథడిస్టు ఉద్యమానికి మూలమైన జాన్ వెస్లీ 1737 మార్చిలో అమెరికాలోని జార్జియాలో సోఫీ హాప్కీని పెళ్ళాడాలా వద్దా అని ఒక మిత్రుడితో కలిసి మూడు చీట్లు వేశాడు. పెళ్ళి చేసుకో, ఈ ఏడాది వద్దు, ఇక ఆ ఊసే వద్దు. మూడోది వచ్చింది. కొద్ది రోజుల్లోనే ఆమె మరొకరిని పెళ్ళాడింది. తర్వాత ఆయన ఆమెకు ప్రభురాత్రి భోజనం ఇవ్వకపోవడం, కోర్టు వ్యవహారం, డిసెంబరులో ఆయన జార్జియా వదిలి వెళ్ళిపోవడం వరసగా జరిగాయి. చీటీ జవాబైతే చెప్పింది, మనసు కుదుటపడలేదు. వెస్లీని ఎగతాళి చేయడం తేలిక. కానీ తన కోరికను తానే నమ్మలేని మనిషి బయటి గొంతు కోసం వెతుక్కోవడంలో ఒక నిజాయితీ కూడా ఉంది.

ఇదే సంప్రదాయంలో దీనికి పూర్తిగా వేరైన సంఘటన 1939 జూన్‌లో కనిపిస్తుంది. జర్మన్ వేదాంతి డీట్రిష్ బాన్‌హోఫర్‌ను యుద్ధం నుంచి తప్పించాలని మిత్రులు న్యూయార్క్ రప్పించారు. అక్కడ ఉండనని ఆయన జూన్ 20న చెప్పేశాడు. తన కారణాలన్నీ తనకే అంతుపట్టడం లేదని డైరీలో రాసుకున్నాడు. 26న, చలికాలానికి ముందే రమ్మని పౌలు తిమోతిని పిలిచిన మాట అనుకోకుండా కంటబడి రోజంతా వెంటాడింది. ఆ మాటను తనకు చెప్పినట్టుగా తీసుకోవడం లేఖనాన్ని దుర్వినియోగం చేయడం కాదని ఆయనకు అనిపించింది. జూలైలో జర్మనీకి ఓడెక్కాడు. 1945 ఏప్రిల్ 9న ఉరితీశారు. తేదీల వరస చూడండి. నిర్ణయం ముందు, వాక్యం తర్వాత. పైగా ఆ వాక్యం ఆయన్ను సుఖం వైపు పిలవలేదు. వీసా వచ్చాక వెతికి పట్టుకున్న వాగ్దానానికీ దీనికీ ఉన్న దూరం ఇదే.

తెలుగు నేల మీద ఈ ప్రశ్నకు బరువైన ఉదాహరణ ఒంగోలు. అమెరికన్ బాప్టిస్టులు 1836లో మొదలుపెట్టిన తెలుగు మిషన్ ఏళ్ళు గడిచినా నెల్లూరును పెద్దగా దాటలేదు. చేరినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. దీన్ని మూసేసి ఆ డబ్బు వేరేచోట పెట్టాలన్న మాట మిషన్ పెద్దల ముందుకు ఒకసారి కాదు, పలుమార్లు వచ్చింది. 1853లో ఆల్బనీలో జరిగిన చర్చ వాటిలో పేరున్నది. లెక్క ప్రకారం మూసేయాలన్నవాళ్ళదే న్యాయం, ఆ సంగతి ఒప్పుకోవాలి. మరోసారి ఆ మాట లేచినప్పుడు, సెలవు మీద అమెరికాలో ఉన్న లైమన్ జెవెట్ ఎవరూ పంపకపోయినా తాను తిరిగి వెళ్తానన్నాడు. ఆ పట్టుదల వల్లే 1865లో మిషనరీ జాన్ క్లౌ ఇక్కడికి వచ్చి, మరుసటి ఏడు ఒంగోలు చేరాడు.

ఒంగోలులో క్లౌకు ముందుగా ఎదురైంది ప్రాధాన్యాల ప్రశ్నే. ఊళ్ళోని అగ్రవర్ణాలవారు ఆయన బడి పట్ల సుముఖంగా ఉన్నారు. మాదిగల్ని చేర్చుకుంటే మాత్రం తాము రామన్నారు. ముందు పైకులాలు, వారి ద్వారా మిగతావారు అన్నది అప్పటి మిషనరీలలో చాలామందికి సమంజసంగా తోచిన పథకం. కానీ యర్రగుంట్ల పేరయ్య లాంటి మాదిగలు అప్పటికే వచ్చేశారు. ఎటూ తేల్చుకోలేని ఆ రోజుల్లో క్లౌ ఒక గదిలో బైబిలు తెరిస్తే మొదటి కొరింథీయుల మొదటి అధ్యాయం కంటబడింది. లోకం నీచమన్నవాళ్ళను దేవుడు ఎన్నుకున్నాడన్న భాగమది. వేరే గదిలో ఆయన భార్య కూడా అదే భాగం తెరిచిందని తర్వాత తెలిసింది. ఈ సంగతి క్లౌ ఆత్మకథలో ఉంది.

పుట తెరిచి చూసుకోవడాన్ని పైన తప్పుపట్టి ఇక్కడ మెచ్చుకోవడం ఎలా కుదురుతుందని పాఠకులు నిలదీయవచ్చు. నా సమాధానం ఇది. ఆ పుట తెరుచుకోకపోయినా సువార్త మొత్తం ఆ మాటే చెబుతోంది, యేసు ఎవరితో భోంచేశాడో చూస్తే చాలు. రెండోది, వచ్చిన జవాబు అడిగినవారికి నష్టం తెచ్చింది. బడిలోని పైకులాల పిల్లలు వెళ్ళిపోయారు, పలుకుబడి పోయింది. మన కోరికకు విరుద్ధంగా, లేఖనం మొత్తానికి అనుగుణంగా వచ్చే సూచనను నమ్మడానికి ఆధారం ఉంది. మన కోరికకు అనుగుణంగా, ఒక్క వచనం మీద నిలబడే సూచనను ఇంకొకరికి చూపించి అడగడం మేలు.

నిజానికి క్లౌ విషయంలో నన్ను ఎక్కువ ఆకట్టుకునేది ఆ పుట కాదు, పదేళ్ళ తర్వాతి కరువు. 1876–78 కరువులో జనం తిండి లేక చనిపోతుంటే ఆయన బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. సేవకు రాకముందు అమెరికాలో భూముల సర్వే చేసినవాడు కాబట్టి కొలతలు, మట్టి లెక్కలు తెలుసు. వేలమందికి కూలి దొరికింది. ఆ కాలంలోనే బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం చేరుతున్నవాళ్ళెవరో, విశ్వాసంతో వస్తున్నవాళ్ళెవరో తేల్చలేనని, సుమారు పదిహేను నెలలు ఎవరికీ ఇవ్వలేదు. బాప్తిస్మాల లెక్కతో పనిని కొలిచే సంస్థకు మిషనరీగా ఉండి ఆ లెక్కను సున్నా దగ్గర ఆపడం చిన్న విషయం కాదు. సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అందరూ చెప్పుకునేది ఆ అంకె. దాని వెనకున్న పదిహేను నెలల నిరాకరణను ఎవరూ పెద్దగా చెప్పరు. ఆ నిర్ణయానికి దర్శనం రాలేదు, చీటీ వేయలేదు. కళ్ళ ముందున్న ఆకలి, చేతిలో ఉన్న పని, ఒకదాన్ని రెండోదానికి ఎరగా వాడకూడదన్న మనస్సాక్షి. ఈ మూడూ కలిసి ఏది ముందో చెప్పాయి.

అయితే అవసరం కనబడినప్పుడల్లా అదే పిలుపని అనడానికి లేదు. మార్కు సువార్త మొదటి అధ్యాయంలో కపెర్నహూము జనమంతా గుమ్మం ముందు పోగవుతారు. మరునాడు తెల్లవారకముందే యేసు ఏకాంతంగా ప్రార్థిస్తుంటే, అందరూ నిన్ను వెతుకుతున్నారని సీమోను వచ్చి చెబుతాడు. ఆయన పక్క ఊళ్ళకు పదమంటాడు. వెతుకుతూ వచ్చినవాళ్ళలో రోగులు ఉండే ఉంటారు. అర్జెంటు పని ముఖ్యమైన పనిని ఎలా మింగేస్తుందో 1967లో చార్లెస్ హమ్మెల్ ఒక చిన్న పుస్తకంలో రాశాడు, ఎన్నో దేశాల్లో చదివారు. ఉన్న ఒక్క సాయంత్రాన్ని మూడు కమిటీలకు పంచి, ఇంట్లో హోంవర్కు దగ్గర నిద్రపోయిన పిల్లల్ని చూసే సంఘ పెద్దకు ఆ వాదన చప్పున అర్థమవుతుంది.

లోపలి కదలికల్ని చదవడం మరో దారి. విజయవాడ లయోలా కళాశాల పుణ్యమా అని ఆ పేరు తెలియని కోస్తా కుటుంబం ఉండదు. ఆ పేరుగల ఇగ్నేషియస్ ఫిరంగి గుండుకు కాలు విరిగిన సైనికుడని తెలిసినవాళ్ళు తక్కువ. 1521లో పాంప్లోనా యుద్ధంలో గాయపడి మంచం పట్టినప్పుడు వీరగాథలు అడిగితే ఇంట్లో దొరికినవి క్రీస్తు చరిత్ర, భక్తుల కథలు. పడుకుని రెండు రకాల ఊహల్లో తేలేవాడు. రాచకన్య మెప్పు కోసం చేసే సాహసాల ఊహ ఉన్నంతసేపూ తీపి, తర్వాత చప్పన. భక్తుల్లా బతకాలన్న ఊహ ముగిశాక కూడా మనసులో ఆనందం నిలిచేది. ఆ తేడాను గమనించడం నుంచి పుట్టిన ఆయన ‘ఆధ్యాత్మిక సాధనలు’ను పోపు 1548లో ఆమోదించాడు.

ప్రాధాన్యాల విషయంలో ఇంతకన్నా నిశితమైన పుస్తకం నా దృష్టిలో ఇంకొకటి లేదు. చాలామంది ముందు పెళ్ళి ఎంచుకుని ఆ తర్వాత పెళ్ళిలో దేవుణ్ణి సేవిస్తామంటారు, ముందు పదవి ఎంచుకుని ఆ తర్వాత పదవిలో సేవిస్తామంటారు, దానితో సాధనం ముందుకొచ్చి గమ్యం వెనక్కి పోతుందని ఆయన పట్టుకున్నాడు. మన ప్రార్థన చీటీలన్నీ ఈ వరసలోనే ఉంటాయి. మంచిచెడ్డల మధ్య ఎంపికకు ఈ సాధన అక్కర్లేదు, మంచివాటి మధ్యే అది కావాలి. ఇప్పటికే కట్టుబడిన వివాహం లాంటివాటిని మళ్ళీ బేరానికి పెట్టకూడదు, వాటిలో బాగా బతకడమే మిగిలిన పని. మనసు కుంగి ఉన్నప్పుడు, ప్రశాంతంగా ఉండగా చేసిన నిర్ణయాన్ని మార్చకూడదు. ఏమీ తోచకపోతే, ఇదే స్థితిలో ఉన్న ఎవరో అపరిచితుడికి ఏం సలహా చెబుతావో ఊహించు, మరణ ఘడియలో ఏది చేసి ఉంటే బాగుండేదనిపిస్తుందో ఊహించు. వీటిలో ఒక్కటీ మాయ కాదు. అన్నిటికన్నా ఉపయోగమైంది రోజూ చేసుకునే పరీక్ష. ఈ రోజు మనసు ఎటు మొగ్గింది, దేని ముందు ముడుచుకుంది అని దేవుని ఎదుట వెనక్కి తిరిగి చూసుకోవడం. ప్రొటెస్టెంటు ఇళ్ళలో కుటుంబ ప్రార్థన ఉంది, ఈ అలవాటు దాదాపుగా లేదు.

ప్రొటెస్టెంట్లకు ఈ విషయంలో పెద్ద పేరు జార్జ్ ముల్లర్. బ్రిస్టల్‌లో పదివేలమందికి పైగా అనాథల్ని, మనుషుల్ని చందా అడగకుండా పోషించినవాడు. ఆ ధోరణి తెలుగు నేలను తాకడానికి బంధుత్వం ఒక కారణం. ఆయన బావమరిది ఆంథొనీ నారిస్ గ్రోవ్స్‌తో కలిసి 1836లో వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టాలో పని మొదలుపెట్టారు. బ్రదరన్ సంఘాల మూలం అక్కడుంది. దేవుని చిత్తం తెలుసుకోవడానికి ముల్లర్ చెప్పిన వరస ఇలా ఉంటుంది. ముందు ఆ విషయంలో సొంత ఇష్టం లేని స్థితికి మనసును తేవాలి. భావాలకు వదిలేయకూడదు. ఆత్మ నడిపింపును లేఖనంతో కలిపి వెతకాలి. పరిస్థితుల్ని గమనించాలి. ప్రార్థించాలి. అప్పుడు తనకున్న జ్ఞానం కొద్దీ నిర్ణయించి, మళ్ళీ ప్రార్థించినా మనసు నెమ్మదిగానే ఉంటే ముందుకు సాగాలి. మన ప్రసంగ పీఠాల మీద మొదటి మెట్టూ చివరి మెట్టూ మిగిలాయి, మధ్యవి జారిపోయాయి. ‘నా ఇష్టమేమీ లేదు, నాకు సమాధానం ఉంది’ అంటే ఇక ఎవరూ ప్రశ్నించకూడదన్నట్టు తయారైంది. భావాల్ని నమ్మవద్దన్న రెండో మెట్టే ఆ మాటకు అడ్డు.

సువార్తికుడు భక్త్ సింగ్ ఇదే ధోరణిని ఇంకా ముందుకు తీసుకెళ్ళాడు. 1941లో మద్రాసు దగ్గర పల్లావరం కొండ మీద సహచరులతో రాత్రంతా ప్రార్థించి పని మొదలుపెట్టినవాడు. తర్వాత హైదరాబాదు హెబ్రోను కేంద్రంగా ఎన్నో సంఘాలు లేచాయి. చిన్నాపెద్దా ప్రతి విషయాన్నీ మోకాళ్ళ మీద తేల్చుకోవడం ఆయన నేర్పిన క్రమశిక్షణ. దాని బలం, మనిషి తొందరకు పగ్గం వేయడం. దాని బలహీనత అనుచరుల్లో కనిపిస్తుంది. గంటలకొద్దీ మోకరించే ఓపిక లేకపోయినా ‘ప్రభువు చెప్పాడు’ అనే ధీమా మాత్రం అలవాటవుతుంది.

దీనికి ఎదురు వాదం అమెరికా నుంచి వచ్చింది. 1980లో గ్యారీ ఫ్రీసన్, ప్రతి విశ్వాసికీ దేవుడు ఒక వ్యక్తిగత పటం గీసి దాచాడని, దాన్ని కనిపెట్టకపోతే ‘రెండో రకం’ జీవితమేనని అనుకోవడానికి లేఖనాధారం లేదన్నాడు. ఆజ్ఞ ఉన్నచోట విధేయత, లేనిచోట స్వేచ్ఛ, ఆ స్వేచ్ఛలో జ్ఞానం. దీని మీద పెద్ద చర్చే నడిచింది. డాలస్ విల్లర్డ్ లాంటివారు దేవునితో మాట్లాడే స్నేహాన్ని ఇంత పొడిగా మార్చకూడదన్నారు. 2009లో కెవిన్ డియంగ్, వెతుకులాట పేరుతో నిర్ణయాలు వాయిదా వేసే యువతను ఇక ఏదో ఒకటి చేయమని కసిరాడు. వాదనలో ఎక్కువ భాగం ఫ్రీసన్‌దే సరి అనిపిస్తుంది. ఎవరిని పెళ్ళాడాలో దేవుడు ఒక్క పేరు రాసి దాచాడనుకుని భయంతో గడిపిన యువతీయువకులకు అది విడుదల.

కానీ ఆ చర్చలో ఒక లోటు ఉంది. అందులోని మనిషి ఒంటరి, ఎంపికలు బోలెడు, నిర్ణయం అతనిదే. తెలుగింటి పరిస్థితి అది కాదు. ఇంటర్లో ఏ గ్రూపు తీసుకోవాలో నాన్న చెబుతాడు. మొదటి జీతం రాకముందే చెల్లి పెళ్ళి బాకీ సిద్ధంగా ఉంటుంది. అలాంటి కుర్రాడికి నీ ప్రాధాన్యాలు ప్రార్థనలో నిర్ణయించుకో అనడంలో సగమే అర్థముంది. అతను మోస్తున్న బాధ్యత కూడా దేవుని చిత్తంలో భాగమేనని చెప్పే పాఠాలు బైబిల్లో ఉన్నాయి. దేవునికి ముడుపు కట్టానని తల్లిదండ్రులకు చేయాల్సింది ఎగ్గొట్టే కొర్బాను ఆచారాన్ని యేసు ఎండగట్టాడు. సొంతవారిని పోషించనివాడు అవిశ్వాసికన్నా చెడ్డవాడని మొదటి తిమోతి అంటుంది. అదే బైబిలు తండ్రిని పాతిపెట్టి వస్తానన్నవాణ్ణి ఆగనివ్వదు. రెండూ ఉన్నాయి, ఒకదానితో రెండోదాన్ని కొట్టేయలేం.

అందుకే ‘దేవుడు, కుటుంబం, సేవ, ఉద్యోగం’ అనే ప్రసిద్ధ జాబితా నాకు గిట్టదు. జాబితాలో పెట్టగానే దేవుడు ఒక పద్దు అయిపోతాడు. ఆచరణలో ఆ పద్దుకు అర్థం కూటాలకు హాజరు కావడమే. అగస్టీను చెప్పింది వేరు. దేన్ని ఎంత ప్రేమించాలో ఆ కొలతలో ప్రేమించడమే సద్గుణమని, దేవుని మీది ప్రేమ మిగతా ప్రేమలన్నిటికీ క్రమం ఇస్తుందని ఆయన ఆలోచన. అప్పుడు జ్వరంతో ఉన్న తల్లి పక్కన కూర్చున్న ఆదివారం మొదటి పద్దుకు కోత కాదు.

డబ్బు దగ్గర ఈ చర్చ నేలకు దిగుతుంది. దశమ భాగం గురించి మన సంఘాల్లో వినిపించినంత గట్టిగా మిగతా తొమ్మిది భాగాల గురించి వినిపించదు. ఆక్స్‌ఫర్డ్‌లోని ఒక మెథడిస్టు ఏడాదికి 30 పౌండ్లు వచ్చినప్పుడు 28తో బతికి రెండు ఇచ్చాడని, ఆదాయం 60, 90, 120 అయినా అదే 28తో సరిపెట్టుకున్నాడని వెస్లీ ఒక ప్రసంగంలో చెప్పాడు. ఆ మనిషి ఆయనేనని సాధారణంగా అనుకుంటారు. చీటీలు వేసిన వెస్లీ కన్నా ఈ వెస్లీ దగ్గర నేర్చుకోవలసింది ఎక్కువ. మన పల్లె సంఘాల్లో స్త్రీలు ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి దేవుని పనికి పక్కన పెట్టే అలవాటు ఉంది. వండాక మిగిలింది ఇవ్వడం కాదు, వండకముందే తీయడం. పూటపూటా ప్రాధాన్యం ఏమిటో ఆ చేతికి తెలుసు. కూలి దొరకని రోజుల్లో ఆ గుప్పెడు ఎంత బరువో ఫ్లాటుకు కిస్తీలు కట్టే మన లెక్కలకు అందదు.

పిలుపు అడిగినవాడి మీదికే తిరిగి రావడమూ ఉంది. వేదనాయగం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి తమిళుడు, వై.ఎం.సి.ఎ. కార్యదర్శి. 1902లో జాఫ్నా వెళ్ళినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత మిషనరీలను పంపుతున్నారని చూసి, మరుసటి ఏడు తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టడానికి పూనుకున్నాడు. నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతాన్ని వాళ్ళు ఎంచుకున్నారు. వెళ్ళండని యువకులకు చెబుతూ వచ్చినవాడు చివరికి 1909లో తానే బయల్దేరాడు, ముప్ఫై అయిదేళ్ళ వయసులో తెలుగు నేర్చుకున్నాడు. 1912లో బిషప్పయ్యాడు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు. ఇతరులకు ముఖ్యమని చెప్పినదాన్ని తనకూ ముఖ్యమని ఒప్పుకోవడానికి ఆయనకు కొన్నేళ్ళు పట్టింది.

అన్ని పద్ధతులకూ వర్తించే ప్రశ్న ఒకటి మిగిలింది: ఆ నిర్ణయం ఖరీదు ఎవరు కడుతున్నారు? భర్త ఉద్యోగం మాని సేవలోకి వస్తాడు, టీచరుగా భార్య తెచ్చే జీతంతో ఇల్లు నడుస్తుంది, ఆమెను ఎవరూ వేదిక మీదికి పిలవరు. సంఘ కాపరి పిల్లలు ఎదుగుతూ తండ్రిని మైకు ముందే చూస్తారు. వీరిని అడగకుండా తేలిన ‘దేవుని చిత్తం’ సంగతి ఏమిటి? సామెతల గ్రంథం ఆలోచనకర్తల సంఖ్య పెరగాలంటుంది గానీ మనం ఆలోచన అడిగేది మనకన్నా పైనున్నవారిని. భారం మోయబోయేవారిని అడగం.

అపొస్తలుల కార్యముల ఆరో అధ్యాయంలో యెరూషలేము సంఘానికి వచ్చిన తగాదా సరిగ్గా ఏది ముందన్నదే. గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు రోజూ పంచే భోజనం సరిగా అందడం లేదు. అపొస్తలులకు వాక్యమూ ప్రార్థనా వదిలేది లేదు. వాళ్ళు దర్శనం కోసం ఆగలేదు, మత్తీయకు వేసినట్టు చీట్లూ వేయలేదు. సణుగుడును విన్నారు, విశ్వాసులందర్నీ పిలిచారు, మీలోంచే ఏడుగురిని ఎంచుకోమన్నారు. ఆ ఏడుగురి పేర్లు వరసగా ఉన్నాయి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. బహుశా ఫిర్యాదు చేసినవాళ్ళ పక్షానివాళ్ళకే వడ్డించే పని అప్పగించారు.